పొద్దున ఇనుము, సాయంత్రం జూడో

జనవరి 9

మరదలా,

ఫోన్ చేస్తే "ఊఁ", "సరే వదినా" తప్ప నీ నోట్లోంచి ముత్యాలు రాలవు. ఉత్తరంలో మాత్రం గలగలా మాట్లాడతావు. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను. ముందు కూర్చో. నిలబడి చదివావంటే పడిపోతావు.

నేను పొద్దున్నే లేచి బరువులు ఎత్తుతున్నాను.

నవ్వకు. బిందెలూ బస్తాలూ కాదు. ఇనుప కడ్డీకి రెండు వైపులా బిళ్ళలు తగిలించి ఎత్తుతారే, అవి. కిందటి నెల వార్డులో ఒక భారీ పేషెంటుని మంచం మీంచి కుర్చీలోకి మార్చబోతే నా నడుం పట్టేసింది. ఆయన కుర్చీలోకి చేరాడు, నేను ఆయన మంచం మీదికి చేరాను. నర్సుకి నర్సు కావాల్సి వచ్చిందని వార్డంతా ఒకటే నవ్వు. డాక్టరు చూసి, "నీకు కావాల్సింది మాత్రలు కాదమ్మా, కండలు" అన్నాడు.

మా వీధి చివర పాత గోదాములో ఒక హాలుంది. నడిపేది ఒక ముసలాయన. ఆయన్ని అందరూ ఇనుప తాత అంటారు. తెల్లారకముందే తలుపు తీసేస్తాడు. మొదటి రోజు వట్టి కడ్డీ చేతికిచ్చి, నేను పట్టుకున్న తీరు చూసి, "అది కరవదమ్మా, గట్టిగా పట్టుకో" అన్నాడు. ఇప్పుడు నా బరువులో సగం నేల మీంచి లేపుతున్నాను. నడుం నొప్పి ఎటు పోయిందో పోయింది.

మీ అన్నయ్య సంగతి అడగకు. మసక చీకట్లో నన్ను ట్రాక్ ప్యాంటులో చూసి దొంగనుకుని చీపురు పట్టుకున్నారు. నేనని తెలిశాక కూడా కాసేపు చీపురు దించలేదు.

మీ పిన్నికి మాత్రం చెప్పకు. అత్తయ్య పోయాక నాకు అత్తగారి లోటు తెలియకుండా చూసుకుంటోంది ఆవిడ. ఈ సంగతి తెలిస్తే ఆ ముచ్చట కాస్తా ఎక్కువవుతుంది.

నీ ఒళ్ళెలా ఉంది? ఎప్పుడూ రాయవు.

వదిన


జనవరి 21

వదినా,

కూర్చోమన్నావు కదాని పంతానికి నిలబడే చదివాను. పడిపోయినంత పనైంది. బరువులా! నువ్వా! పెళ్ళిలో మెడలో పూలదండ బరువుగా ఉందని మూతి ముడుచుకున్న మనిషివి నువ్వేనా?

లైబ్రరీలో మా పెద్దావిడకి చెప్తే ఆవిడ నమ్మలేదు. "మీ వదినకి ఏమైనా జ్వరమా?" అంది. మా పెద్దావిడకి ఈ ప్రపంచంలో పుస్తకం కన్నా బరువైన వస్తువు ఎత్తడం అనవసరం.

ఒక చిన్న మాట. ఇకమీద ఉత్తరాలు లైబ్రరీకే రాయి. ఇంటికొచ్చిన కవరు ఎవరి పేరు మీదున్నా మా ఆయనే చింపుతారు, అదొక అలవాటు. నీ ఉత్తరం నాకన్నా ముందు ఆయనే చదివేశారు. షాపుకి మందులకొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించారట కూడా. ఆయన మాటకారితనం నీకు తెలుసు కదా. వీధిలో ముసలమ్మలు మాత్ర వేసుకోకపోయినా పర్లేదు, ఆయన పలకరిస్తే చాలు జబ్బు తగ్గిందంటారు.

నేను బాగానే ఉన్నాను. ఇద్దరమే ఉన్న ఇల్లు, రాయడానికేముంటుంది?

అన్నయ్యని ఆ చీపురు దాచుకోమను. మళ్ళీ అవసరం పడుతుంది.

మరదలు


ఫిబ్రవరి 11

మరదలా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. కలం పట్టుకోవడానికి వేళ్ళు వంగడం లేదు. ఒళ్ళు హూనం అంటే ఏమిటో ఈ నెలలో తెలిసింది. జడ వేసుకుందామంటే చేతులు పైకి లేవవు. మెట్లు ఎక్కగలను గానీ దిగలేను. నిన్న భోజనం చేస్తూ కంచం ముందే నిద్రపోయాను.

పొద్దున బరువులు చాలవన్నట్టు సాయంత్రాలు ఇంకో పని పెట్టుకున్నాను. అదేమిటో ఇప్పుడు చెప్పను. కుదిరితే చెప్తాను, కుదరకపోతే నా పరువు నాకు మిగులుతుంది. రెండూ సర్దుకోవడం రావట్లేదు. దాంతో ఇంట్లోనూ తేడాలొచ్చాయి. మొన్న మీ అన్నయ్యకి నిజంగా కోపం వచ్చింది. పెళ్ళయ్యాక ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. తప్పు నాదే, ఆయన్ననడానికి లేదు. ఇప్పుడు సర్దుకుందిలే.

మీ పిన్ని వచ్చి రెండు పూటలుండి వెళ్ళింది. నన్ను ఎగాదిగా చూసింది గానీ ఏమీ అడగలేదు. అదే నాకు భయంగా ఉంది.

ఉంటాను. కళ్ళు మూతలు పడుతున్నాయి.

వదిన


ఫిబ్రవరి 26

వదినా,

ఈ ఉత్తరం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

పిన్ని మీ ఇంటి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. నీ చేతుల మీద, మెడ పక్కన కమిలిన గుర్తులున్నాయని చెప్పింది. మోకాలు ఈడుస్తూ నడుస్తున్నావట. బరువులెత్తితే అలాగే ఉంటుందేమో అన్నాను. "బరువులకి వేళ్ళుంటాయా? నాలుగు వేళ్ళూ లెక్కపెట్టొచ్చు, అలా ఉంది" అంది.

అన్నయ్యా? మా అన్నయ్యా? చిన్నప్పుడు చీమల బారు అడ్డొస్తే చుట్టూ తిరిగి నడిచేవాడు. వాడు నీ మీద చెయ్యి చేసుకున్నాడంటే నమ్మలేకపోయాను. తర్వాత నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "గొంతు అంత పెద్దగా వినలేదు", "తప్పు నాదే", "సర్దుకుందిలే". వదినా, ఈ మూడు మాటలూ ఒకదాని వెంట ఒకటి ఎప్పుడొస్తాయో నాకు తెలియదనుకున్నావా?

నేను అన్నయ్యకి విడిగా ఉత్తరం రాశాను. నోటికొచ్చినట్టు రాశాను. వాడు నా ముఖం చూడకపోయినా సరే.

నువ్వు మాత్రం జాగ్రత్తగా ఉండు. మనిషి చేతి వాచీ తీసి బల్ల మీద పెడుతున్నాడంటే ఇక మాట పెంచకు. ఎదురు చెప్పకు, ఏడవకు, ఏడిస్తే ఇంకా రేగుతుంది. ముఖం తిప్పేసి భుజం ఇవ్వు. భుజమైతే జాకెట్టు చేతుల్లో దాగుతుంది. మెడ మీదైతే నీలంగా ఉన్నన్నాళ్ళు పౌడరు నిలవదు, పచ్చగా తిరిగాక నిలుస్తుంది. అందాకా చలిగా ఉందని ఏదైనా కప్పుకో. తలుపు తగిలిందని ఎవరికీ చెప్పకు, అందరూ అదే చెప్తారు కాబట్టి ఎవరూ నమ్మరు. అల్మారా పై అర మీంచి పెట్టె పడిందని చెప్పు. తర్వాత కొన్నాళ్ళు చాలా మంచిగా ఉంటాడు. ఏదో ఒకటి కొనుక్కొస్తాడు. అప్పుడు నమ్మకు వదినా. ఆ మంచితనమే అన్నిటికన్నా ప్రమాదం.

వెంటనే జవాబు రాయి. నాకు అన్నం సయించడం లేదు.

నీ మరదలు


మార్చి 6

మరదలా,

ముందు నవ్వుకో, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

నన్ను పట్టుకుని విసిరికొడుతున్నది మీ అన్నయ్య కాదు, ఒక బేకరీ ఆవిడ. నా సాయంత్రం పని జూడో. అదే హాల్లో, బరువుల పక్కనే పరుపులు పరిచి నేర్పుతారు. నేర్పేది పగలు బస్సు నడిపే ఆవిడ. మాస్టారమ్మ అంటాం. బేకరీ ఆవిడ నా జోడీ. రోజూ పిండి పిసికే చేతులు, పట్టుకుందంటే ఎముక దాకా తెలుస్తుంది. అవే మీ పిన్ని లెక్కపెట్టిన నాలుగు వేళ్ళు. నలభై దాటిన దాన్ని, కోతిగంతులు నేర్చుకుంటున్నానని ఏ ముఖంతో చెప్పను? అందుకే దాచాను.

మీ అన్నయ్య కోపం సంగతీ చెప్తాను. పొద్దున బరువు భుజాల మీద పెట్టుకుని గుంజీళ్ళు తీసి, పగలంతా వార్డులో నిలబడి, సాయంత్రం జూడోకి వెళ్ళాను. బేకరీ ఆవిడని ఎత్తబోతే కాళ్ళు రెండూ వణికి మోకాలు మడతపడింది. కుంటుతూ ఇంటికొచ్చి, పాలు పొయ్యి మీద పెట్టి నిద్రపోయాను. గిన్నె మాడి ఇల్లంతా పొగ. అప్పుడు అరిచారు. "చస్తావా నువ్వు? రెంటిలో ఏదో ఒకటే చెయ్యి, నాకు నువ్వు కావాలి" అని. ఆ తర్వాత ఆయనే ఏడ్చారు.

ఇనుప తాత "నా కడ్డీ మానేసి ఆ పరుపుల మీద దొర్లుతావా?" అంటాడు. మాస్టారమ్మ "ఆ ముసలాయన నీ కాళ్ళు రెండూ పొద్దున్నే పిండేస్తే నా దగ్గరికి ఏం మిగుల్తుంది?" అంటుంది. ఇద్దరత్తల కోడలినైపోయాను. చివరికి ఇద్దర్నీ కూర్చోబెట్టి టీ తాగించి ఒప్పందం చేయించాను. బరువైన రోజులు వేరు, జూడో రోజులు వేరు. జూడో ఉన్న రోజు పొద్దున మెడకీ, చేతి పట్టుకీ చిన్న చిన్నవి తప్ప కాళ్ళ జోలికి పోకూడదు. వారంలో ఒక పొద్దున అసలు హాలు గడపే తొక్కకూడదు, నిద్రపోవాలి. మోకాలు ఇప్పుడు నయం.

ఇంత రాసి, నీ ఉత్తరం మీ అన్నయ్యకి వినిపించి నవ్విద్దామని బిగ్గరగా చదవడం మొదలుపెట్టాను. ఆయన మీద నువ్వు పెట్టిన చీవాట్లకి అప్పటికే తెల్లబోయి ఉన్నారు. వాచీ దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేశాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని మిగతాది చదివారు. మళ్ళీ చదివారు. కాగితం మడిచి నా చేతికి తిరిగిచ్చారు.

మరదలా, నేను ఒక్కటే అడుగుతాను. నీలం ఎప్పుడు పచ్చగా తిరుగుతుందో, ఎప్పుడు పౌడరు నిలుస్తుందో నీకెలా తెలుసు?

వదిన


మార్చి 14

వదినా,

నా ఉత్తరం అన్నయ్యకి చూపిస్తావని తెలిస్తే రాసేదాన్నే కాదు.

ఎలా తెలుసంటే లైబ్రరీలో పని చేస్తాను కాబట్టి. పుస్తకాల్లో ఉంటాయి ఇలాంటివన్నీ. నీ జూడో గురించి తెలిసి నేనూ, మా పెద్దావిడా కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇక ఈ విషయం వదిలేయండి ఇద్దరూ. మా ఆయన గురించి లేనిపోనివి ఊహించకండి. ఆయన లాంటి మనిషిని అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

పనుంది. ఉంటాను.

మెడ పట్టుకుంటే విడిపించుకోవడం కూడా నేర్పుతారా అక్కడ?


మార్చి 22

బంగారం,

సంతకం కూడా పెట్టకుండా చివర నువ్వడిగిన మాట తీసుకుని మాస్టారమ్మ దగ్గరికెళ్ళాను. ఎవరికోసమని ఆవిడ అడగలేదు. పక్కకి తీసుకెళ్ళి, "ఇది ఆట. దీనికి నియమాలున్నాయి. ఇక చాలని చేత్తో పరుపు తడితే ఎదుటి మనిషి వదిలేస్తుంది. ఇంట్లో తడితే ఎవరు వదులుతారు? ఉత్తరంలో నేర్పగలిగేది కాదిది. తలుపు తెరుచుకుని మనుషులున్న చోటికి నడవమను. నలుగురూ ఉన్న చోటికి. అంతే" అంది.

ఆ మర్నాడు పొద్దున ఇనుప తాత చూడకుండా కడ్డీకి ఇంకో రెండు బిళ్ళలు తగిలించాను. ఎంత ఎత్తుతున్నానో నాకే తెలియదు. ఎవరి మీద కోపమో మాత్రం తెలుసు. తాత పరిగెత్తుకొచ్చి, "కోపం మీద ఎత్తితే నడుం పోతుంది, దించు" అని కేకేసి, దించాక మంచినీళ్ళిచ్చాడు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మీ పిన్నికి జూడో సంగతి చెప్పి ఆవిడ కంగారు తీరుద్దామని వెళ్ళాను. మాటల్లో నీ సంగతి ఎత్తాను, మెల్లిగా. ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే, "నాకు తెలుసులే. పెళ్ళైన ఏడాదే వీపు చూశాను. దానికి స్నానానికి నీళ్ళు తోడుతూ" అంది. నా మెడ మీద మచ్చ చూసి నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చిన మనిషి, నీ వీపు చూసి ఇన్నేళ్ళు నోరు మెదపలేదు. ఎందుకని అడిగాను. "అల్లుడు మంచి పేరున్న మనిషి" అంది.

మీ అన్నయ్య ఇప్పుడే బయల్దేరతానంటున్నారు. నువ్వు చెప్పేదాకా కదలొద్దని నేనే ఆపాను. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, వివరించనక్కర్లేదు. "రండి" అని ఒక్క ముక్క రాయి. మా ముందు గది ఖాళీ చేశాను.

నీ వదిన


ఏప్రిల్ 2

బంగారం,

ఈ ఉత్తరం మీ అన్నయ్య చేతికే ఇచ్చి పంపుతున్నాను. నువ్వు నాలుగు రోజులుగా పనికి రాలేదని లైబ్రరీ పెద్దావిడ ఫోన్లో చెప్పింది. అప్పుడు బయటపడింది. మీ అన్నయ్య నాకు చెప్పకుండా మీ ఆయన షాపుకి ఫోన్ చేసి, "చెల్లిని కొన్నాళ్ళు మా దగ్గరికి పంపండి బావా" అన్నారట. ఆయన "తప్పకుండా" అని ఎంతో మర్యాదగా మాట్లాడారట. మంచి చేద్దామనుకుని నీ మీదికి ఏం తెచ్చిపెట్టామో తలుచుకుంటే మా మీద మాకే కోపం వస్తోంది.

నేను వార్డులో సెలవు దొరగ్గానే వస్తాను. నువ్వు ఎక్కడున్నా సరే, ఉన్నానని చెప్పు.

వదిన


ఏప్రిల్ 19

వదినా,

ఉన్నాను. అన్నయ్య నోటితో చెప్పిన దాంతో నీకు తృప్తి ఉండదని తెలుసు. అందుకే చెయ్యి కుదుటపడగానే రాస్తున్నాను.

అన్నయ్య ఫోన్ చేసినందుకు బాధపడకండి. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు. ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి, చేతులు కడుక్కుని, తలుపు గడియ పెట్టారు. "ఇంట్లో సంగతులు ఎవరికి మోస్తున్నావ్?" అన్నారు. అంతే, గొంతు కూడా పెంచలేదు. అంతా రాయను. మూడు రోజులు నన్ను గదిలోంచి రానివ్వలేదు. ప్రతిసారీ జరిగినట్టే సాయంత్రాలు షాపు నుంచి పూత మందు తెచ్చి, తన చేత్తోనే నా మెడకి రాశారు. "చూడు, నువ్వే తెచ్చుకున్నావు" అంటూ.

నాలుగో రోజు గడియ వెయ్యడం మరిచారో, ఇక లేవలేనని ధీమానో, తెలియదు. తలుపు తెరిచే ఉంది. నువ్వు రాసింది గుర్తొచ్చింది, మనుషులున్న చోటికి. నాకు తెలిసి మనుషులున్న చోటంటే ఆయన షాపే. వదినా, నేను అక్కడికే వెళ్ళాను. ఇంట్లో వేసుకునే చెప్పులతో, జుట్టు ముడి కూడా లేకుండా.

షాపు నిండా జనం. ఒక తల్లి జ్వరం పిల్లని ఎత్తుకుని ఉంది. ఒక ముసలి దంపతులున్నారు. ఇంకా నలుగురైదుగురు. ఆయన ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. నేను వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. మెడకి చుట్టుకున్న గుడ్డ విప్పి బల్ల మీద పెట్టి, "రోజూ ఇంటికి తెచ్చి రాస్తారే, ఆ పూత మందు ఇవ్వండి. ఇవాళ నేనే రాసుకుంటాను" అన్నాను.

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం తెలియనట్టు. చెయ్యి దానంతట అదే వెనక అరలోకి వెళ్ళి ఆ ట్యూబు తీసింది. చూడకుండానే. ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు కదా. అది అందరూ చూశారు.

వెనకనుంచి ఒకాయన, "ఇంటి గొడవలు ఇక్కడెందుకమ్మా" అన్నాడు. పిల్లని ఎత్తుకున్నావిడ తిరిగి, "ఇంట్లో చెప్తే ఎవరికి వినిపిస్తుందండీ?" అంది. షాపులో మందులిచ్చే ఆవిడ బల్ల దాటి వచ్చి, తను కూర్చునే స్టూలు నాకు వేసింది. అప్పుడు పడ్డాను. నిలబడ్డంతసేపూ పడలేదు.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి పోలీసుల దగ్గరికి. పిల్ల తల్లీ, మందులిచ్చే ఆవిడా చూసింది చూసినట్టు చెప్పారు. నన్ను మా లైబ్రరీ పెద్దావిడ తన పై గదిలో పెట్టుకుంది. మర్నాడు అన్నయ్య వచ్చి, నన్ను చూసి, లోపలికి రాలేక మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఏడుపు ఆపమని నేనే బతిమాలాల్సి వచ్చింది. నువ్వు జూడోలో మొదటి బెల్టు పరీక్ష నెగ్గావని ఆ ఏడుపు మధ్యలోనే చెప్పాడు. ఇంత గొడవలో అదెప్పుడు వెళ్ళావే తల్లీ?

ఊరు ఊరంతా నా వైపు తిరిగిందనుకోకు. షాపు నడుస్తూనే ఉంది. కొందరు ఇప్పటికీ అక్కడే కొంటారు. నేను వీధిలో కనిపిస్తే తలలు దించుకుంటారు, తప్పు నేనే చేసినట్టు. ఆయన తరఫున ఒక పెద్దమనిషి చీర పట్టుకుని రాయబారానికి వచ్చాడు. చీరతో పాటే తిప్పి పంపాను. కేసు నడుస్తోంది, నడవనీ. పిన్ని కూడా వచ్చింది. "ఒక్క మాట చెప్తే మేం చూసుకునేవాళ్ళం కదే" అంది. "నువ్వు చూశావు కదా పిన్నీ" అన్నాను. వెళ్ళేటప్పుడు కళ్ళు ఒత్తుకుంటూ నా తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

మీ ముందు గది అలాగే ఉంచు, వస్తాను. కానీ ఉండడానికి కాదు, చూడ్డానికి. నా ఉద్యోగం ఇక్కడుంది. ఈ వీధిలో కూడా ఆడవాళ్ళకి పొద్దున్నే బరువులు నేర్పే చోటొకటి ఉందట, పెద్దావిడే కనుక్కుని వచ్చింది. ఇప్పుడే కాదు అన్నాను. మీ బేకరీ ఆవిడ ఎంత మంచిదైనా సరే, నన్ను ఎవరూ పట్టుకోవడం ఇంకా నావల్ల కాదు. ఇనుము సంగతి డాక్టరుని అడిగి చూస్తాను.

ఇవాళ ఏమైందంటే, లేచేసరికి ఎండ మంచం మీదికొచ్చేసింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. ఇంత పొద్దెక్కేదాకా పడుకుంటే ఏమవుతుందో నా ఒంటికి తెలుసు. తలుపుకేసి చూస్తూ, దుప్పటి పట్టుకుని, అలాగే ఉన్నాను. కింద పెద్దావిడ గిన్నెలు తోముకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు. ఎవరూ రాలేదు. ఏమీ కాలేదు వదినా. టీ కాచుకుని, తాగి, నీకు రాయడానికి కూర్చున్నాను. ఇప్పటికీ ఏమీ కాలేదు.

నీ మరదలు